రూట్ కెనాల్ చేయించాలా, పన్ను తీయించాలా: పూర్తి లెక్క చూసుకొనే తీరు

రెండేళ్ల కిందటి సంక్రాంతి మరునాడు హనుమకొండలో మా ఇంటి అరుగు మీద కూర్చొని సకినం కొరుకుతుండగా, కింది దవడలో కుడివైపు పన్ను ఒకటి టక్కుమని రెండుగా చీలింది. నొప్పి పెద్దగా తెలియలేదు, ఎందుకంటే నొప్పి తెలిపే నరాన్ని దసరాకు ముందే రూట్ కెనాల్ చేయించి తీయించేశాను. పంటి మీద క్యాపు (పంటిని మొత్తం కప్పే తొడుగు) వేయించుకోవాలని అప్పట్లో డాక్టరు రెండుసార్లు చెప్పారు, ఆ తర్వాత ఫోను చేసి గుర్తు కూడా చేశారు. నొప్పి పోయింది కదా, పండుగ ఖర్చులు తీరాక చూద్దామని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. చీలిక వేరు లోపలికి దిగిందని తేలాక ఆ పన్నును తీయించక తప్పలేదు. రూట్ కెనాల్‌కు పెట్టిన డబ్బూ పోయింది, పన్నూ పోయింది.

పన్ను నొప్పి వచ్చినవారు మన దగ్గర సాధారణంగా వేసుకొనే లెక్క ఒకటే: పీకించుకుంటే కొన్ని వందలతో పని అయిపోతుంది, రూట్ కెనాల్ అయితే వేలు పెట్టాలి, పైగా నాలుగుసార్లు తిరగాలి. ఈ లెక్కలో రెండు వైపులా సగమే ఉంది. రూట్ కెనాల్ ఖర్చుకు క్యాపు ఖర్చును కలపాలి. పీకించే ఖర్చుకు ఆ ఖాళీని నింపే ఖర్చునో, నింపకుండా వదిలేస్తే మిగిలిన పళ్లు పడే పాట్లనో కలపాలి. అప్పుడే అది పోలిక అవుతుంది. కుడివైపు చేసిన తప్పును, ఎడమవైపు పంటికి రూట్ కెనాల్ చేయించినప్పుడు నేను చేయలేదు కనుక, రెండు దారులూ నడిచినవాడిగా ఆ లెక్కను ఇక్కడ విడమరచి రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. మీ నోరు చూసి, ఎక్స్‌రే చూసి చెప్పే దంతవైద్యుల మాటే చివరిది.

అసలు రూట్ కెనాల్ దాకా వచ్చిందా?

పంటికి పైన గట్టి ఎనామిల్ పొర, దాని లోపల డెంటిన్, నడిమధ్యలో నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తని గుజ్జు ఉంటాయి. పిప్పి ఎంత లోతుకు దిగిందన్న దాన్ని బట్టే చికిత్స మారుతుంది. చల్లని నీళ్లు తాగినప్పుడు జివ్వుమని, నీళ్లు మింగిన కొన్ని క్షణాలకే తగ్గిపోతుంటే, గుజ్జు ఇంకా కోలుకొనే స్థితిలో ఉండే అవకాశం ఎక్కువ. చాలాసార్లు పిప్పిని తొలిచి సిమెంటు పెట్టడంతోనే సరిపోతుంది. వేడి చాయ్ తాగిన తర్వాత నొప్పి నిమిషాల తరబడి లాగుతున్నా, పగలంతా ఊరుకొని రాత్రి పడుకోగానే పోటు మొదలై నిద్ర లేపుతున్నా, గుజ్జు ఇక కోలుకోదని అనుమానించాలి. అప్పుడు మిగిలేవి రూట్ కెనాల్, లేదా పన్ను తీయించడం.

ఇక్కడ చాలామంది మోసపోయే ఘట్టం ఒకటి ఉంది. వారం రోజులు ప్రాణం తోడేసిన నొప్పి ఒక ఉదయం హఠాత్తుగా మాయమవుతుంది. లవంగ నూనె పనిచేసిందని, మెడికల్ షాపులో ఇచ్చిన గోలీలు పనిచేశాయని అనుకుంటాం. చాలాసార్లు అక్కడ జరిగింది నయం కావడం కాదు, గుజ్జు చచ్చిపోవడం. ఆ తర్వాత సూక్ష్మక్రిములు వేరు కొన దాటి ఎముకలోకి దిగుతాయి, కొన్ని వారాలకో నెలలకో చిగురు మీద చిన్న పొక్కు లేచి చీము కారుతుంది, లేదా చెంప ఉబ్బుతుంది. వాపు, జ్వరం వంటివి లేకుండా పన్ను ఒక్కటే నొప్పి పెడుతున్నప్పుడు యాంటీబయాటిక్‌తో ప్రయోజనం లేదు. లోపల కుళ్లినదాన్ని తీసివేయడమే దానికి మందు.

కుర్చీలో కూర్చున్నాక జరిగేది

అందరికీ భయం సూది దగ్గరే. పై పళ్లకయితే పంటి పక్కనే మత్తు ఇస్తారు. కింది దవడ పళ్లకు దవడ వెనుక భాగంలో ఇస్తారు కాబట్టి ఆ వైపు కింది పెదవి, నాలుక సగం మొద్దుబారతాయి. బాగా పోటు పెడుతున్న కింది దవడ పంటికి మత్తు ఒక్కోసారి సరిగా ఎక్కదు. అది డాక్టరు చేతకానితనమూ కాదు, మీ పిరికితనమూ కాదు. వాచిన కణజాలంలో మందు పనితీరే తగ్గుతుంది. అటువంటప్పుడు ఓర్చుకొని కూర్చోవడం కంటే చెప్పడం మేలు. ‘నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, వెంటనే ఆపేస్తాను’ అని నాకు ముందే చెప్పారు. నేను రెండుసార్లు ఎత్తాను, రెండుసార్లూ ఆపి మరికొంత మత్తు ఇచ్చారు. ఆ తర్వాత తెలిసింది ఒత్తిడి, యంత్రం చప్పుడు, నోరు తెరిచి ఉంచడం వల్ల దవడ నొప్పి, అంతే.

మత్తు ఎక్కాక పంటి చుట్టూ పలుచని రబ్బరు షీటు బిగిస్తారు. దానికి రబ్బర్ డ్యామ్ అని పేరు. ఉమ్మిలోని క్రిములు పంటి లోపలికి పోకుండా, లోపల వాడే సన్నని పరికరాలు, మందులు గొంతులోకి జారకుండా అది అడ్డుకుంటుంది. మంచి దవాఖానను గుర్తుపట్టడానికి నేను నమ్మే గుర్తులలో ఇది మొదటిది. ఏసీ హాలు, గోడకు పెద్ద టీవీ ఉన్నాయా లేవా అన్నది ఆ తర్వాతి మాట.

ఆ పైన పంటి మధ్యలో రంధ్రం చేసి వేరు లోపలి కాలువలను వెతుకుతారు. ముందు పళ్లకు సాధారణంగా ఒకటే కాలువ ఉంటుంది. కింద వెనుక ఉండే నమిలే దవడ పళ్లకు మూడు, కొందరికి నాలుగు ఉంటాయి. పై వరుసలో మొదటి దవడ పంటికి నాలుగో కాలువ చాలామందిలో ఉంటుంది, అది దొరకకపోవడం చికిత్స విఫలం కావడానికి ఒక ప్రధాన కారణం. కాలువలను శుభ్రం చేసే ఫైళ్లు గుండుసూది కంటే సన్నగా ఉంటాయి. వాటి పిడి రంగును బట్టి మందం తెలుస్తుంది: తెలుపు 15, పసుపు 20, ఎరుపు 25, అంటే ఎర్ర పిడి ఫైలు కొన మందం మిల్లీమీటరులో నాలుగో వంతు. ఫైలు వేరు కొనకు చేరిందో లేదో చెప్పే చిన్న యంత్రం ఒకటి పక్కన కీ కీ మంటూ ఉంటుంది. మధ్యమధ్యలో కాలువను కడగడానికి వాడే సోడియం హైపోక్లోరైట్ వాసన అచ్చం బ్లీచింగ్ కలిపిన నల్లా నీళ్ల వాసనలాగే ఉంటుంది, కంగారు పడనక్కర లేదు.

శుభ్రం చేసిన కాలువలను గట్టా పెర్చా అనే గులాబీ రంగు పుల్లలతో మూసివేస్తారు. అది మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి తీసిన పదార్థం; 19వ శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలకు తొడుగుగా వాడింది కూడా దీన్నే. చివరి ఎక్స్‌రేలో ఈ పుల్లలు తెల్లటి గీతలుగా వేరు కొనకు దాదాపుగా చేరి కనిపించాలి. ఆ ఎక్స్‌రేను అడిగి మీ ఫోనులో ఫోటో తీసుకోండి. ఐదేళ్ల తర్వాత వేరే ఊళ్లో వేరే డాక్టరుకు చూపించవలసి వస్తే అదే మీ చేతిలో ఉన్న ఆధారం.

ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు, కొందరికి వారం దాకా, ఆ పంటితో నమిలితే సలుపు ఉంటుంది. మత్తు దిగేదాకా ఏమీ తినకూడదు, మొద్దుబారిన చెంపను తెలియకుండా కొరుక్కొనే ప్రమాదం ఉంది. కాబట్టి అన్నం తినే బయలుదేరాలి. ముఖ్యంగా షుగరు ఉన్నవారు ఖాళీ కడుపుతో పోకూడదు, బీపీ గోలీ మానకూడదు.

పీకించుకుంటే మిగిలే ఖాళీ

తీయడం నిజంగానే త్వరగా అయిపోతుంది. గంటలోపు బయటపడతాం, దూది కొరికి పెట్టుకొని ఆటోలో ఇంటికి పోతాం. పై పన్ను పీకిస్తే కంటిచూపు తగ్గుతుందని మన పెద్దలు అనే మాటలో నిజం లేదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. అసలు కథ నెమ్మదిగా నడుస్తుంది. ఖాళీ వైపు పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదురు దవడ పన్ను తనను ఆపేది లేక కిందికో పైకో జరుగుతుంది, పన్ను పోయిన చోట ఎముక క్రమంగా అరిగిపోతుంది, ఒరిగిన పళ్ల సందుల్లో మెతుకులు ఇరుక్కొని కొత్త పిప్పి మొదలవుతుంది. నాకు రెండేళ్లలోనే పై పన్ను కొంచెం కిందికి దిగిందని మొన్న చూసి చెప్పారు. మక్క కంకి తినాలంటే ఇప్పటికీ ఎడమవైపే.

ఖాళీని నింపడానికి మూడు దారులు ఉన్నాయి. తీసి పెట్టుకొనే పన్ను అన్నిటికంటే చవక, కానీ నమలడంలో సొంత పంటికి చాలా దూరం, రోజూ తీసి కడగాలి. బ్రిడ్జి నోట్లోనే స్థిరంగా ఉంటుంది. దాని కోసం అటూ ఇటూ ఉన్న రెండు పళ్లను అరగదీసి, మూడు క్యాపులను కలిపి కూర్చోబెడతారు. పక్క పళ్లు ఆరోగ్యంగా ఉన్నవారు ఈ దారి పట్టేముందు బాగా ఆలోచించాలి: ఒక పన్ను కోసం రెండు మంచి పళ్లను పణంగా పెట్టినట్లు అవుతుంది. ఆ రెండింటికీ ఇప్పటికే పెద్ద ఫిల్లింగులో క్యాపులో ఉంటే మాత్రం బ్రిడ్జి సబబే. మూడోది ఇంప్లాంట్, ఎముకలో టైటానియం మర బిగించి దానిపై పన్ను కట్టడం. ఇది పక్క పళ్లను ముట్టుకోదు, సొంత పంటికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. అయితే ఎముక మరను పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, షుగరు అదుపులో లేనివారికి, సిగరెట్టు మానలేనివారికి విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది.

నా సొంత లెక్క ఇదీ: ఎడమవైపు పంటికి రూట్ కెనాల్, క్యాపు కలిపి 9,500 రూపాయలు అయింది. కుడివైపు ఖాళీకి ఇంప్లాంట్ వేయడానికి అడిగితే 28,000 చెప్పారు. ఊరిని బట్టి, డాక్టరును బట్టి అంకెలు మారతాయి కానీ, ఏది ఎక్కువ ఏది తక్కువ అన్నది మాత్రం సాధారణంగా తారుమారు కాదు. పీకించడం చవక అన్న మాట, ఖాళీని ఖాళీగానే ఉంచుకొనేవారికే చెల్లుతుంది.

అందుకని ప్రతి పన్నునూ కాపాడుకోవాలని నేను అనను. వేరు నిలువునా చీలితే, పిప్పి చిగురు కిందికి బాగా దిగిపోయి క్యాపు పట్టుకోవడానికి గోడలే మిగలకపోతే, చిగుళ్ల జబ్బుతో పన్ను ఊగిసలాడుతుంటే, రూట్ కెనాల్‌కు డబ్బు పెట్టడం వృథా. జ్ఞాన దంతానికి కూడా చాలాసార్లు తీయించడమే సరైన మార్గం, ఎందుకంటే దాని కాలువలు వంకరగా ఉంటాయి, నమలడానికి దాని అవసరం తక్కువ. ఇంకో మాట మొహమాటం లేకుండా చెబుతాను: క్యాపు కోసం తిరిగి రాలేమని, లేదా వేయించుకోబోమని మీకు ముందే తెలిస్తే, దవడ పంటికి రూట్ కెనాల్ మొదలుపెట్టకపోవడమే మంచిది. రెండు దారుల్లోనూ అన్నిటికంటే ఖరీదైనది నేను చేసినట్లు సగంలో వదిలేసిన రూట్ కెనాల్.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే సందర్భాలు కూడా ఉన్నాయి. గుట్కా, తంబాకు వల్ల నోటి క్యాన్సర్ వచ్చి దవడకు రేడియేషన్ పెట్టించుకున్నవారు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. వారికి పన్ను పీకితే ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. ఎముకల బోలుదనానికో, ఎముకకు పాకిన క్యాన్సర్‌కో బిస్‌ఫాస్ఫొనేట్ మందులు వాడుతున్నవారికీ ఇదే ముప్పు. ఇటువంటివారి విషయంలో పన్ను ఎంత శిథిలమైనా వీలైనంత వరకు రూట్ కెనాల్ వైపే వైద్యులు మొగ్గు చూపుతారు. రక్తం పలుచబడే మందులు వాడేవారికి కూడా పీకించడం కంటే రూట్ కెనాల్‌లో రక్తస్రావం భయం తక్కువ. కానీ దేనికైనా సరే ఆ గోలీలను సొంతంగా ఆపకూడదు. గుండె కవాటం మార్పిడి జరిగినవారు, గర్భిణులు ఆ సంగతిని సూది వేయకముందే చెప్పాలి.

ఒకే రోజా, మూడుసార్లా

ఏటూరునాగారం నుంచి వచ్చేవారికి హనుమకొండ దాదాపు 100 కిలోమీటర్లు. వారికి ‘మళ్లీ వచ్చే మంగళవారం రండి’ అన్న మాట అంటే ఒక రోజు కూలి, రెండు వైపులా బస్సు కిరాయి. ఒకే సిట్టింగులో పూర్తి చేసే రూట్ కెనాల్‌కూ, రెండు మూడు సిట్టింగుల దానికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని పరిశోధనలు చెబుతున్నాయి కనుక, దూరం నుంచి వచ్చేవారు ఒకే రోజు వీలవుతుందా అని నిస్సంకోచంగా అడగవచ్చు. అయితే చీము ఆగకుండా కారుతుంటే, వాపు ఉంటే, గతంలో చేసింది విఫలమై మళ్లీ చేస్తుంటే, కాలువలో కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి ఒకటి రెండు వారాలు ఆగడమే పద్ధతి. అక్కడ తొందరపెట్టడం మంచిది కాదు.

మధ్యలో పెట్టే సిమెంటు తాత్కాలికమే. అది ఊడితే లోపలికి మళ్లీ క్రిములు చేరి, చేసిన పనంతా మొదటికొస్తుంది. మేడారం జాతరకో, ఊళ్లో పెళ్లికో పోయి వచ్చాక చూద్దామని నెలలు గడిపేవారు ఉంటారు. ముందుగానే తేదీలు చెప్పి, జాతర అయ్యాకే మొదలుపెట్టడమో, పోయేలోపే ముగించడమో చేసుకోవాలి. నొప్పి భరించలేనిదయితే మొదటి రోజు గుజ్జు తీసి ఉపశమనం ఇచ్చి మిగతాది తర్వాత చేయడానికీ వీలుంటుంది.

క్యాపు సంగతి

దవడ పళ్లకు క్యాపు ఎందుకంటే, గుజ్జు తీయడానికి మధ్యలో తొలిచిన పంటి గోడలు నమిలే బరువుకు విచ్చిపోతాయి. ముందు పళ్లలో రంధ్రం చిన్నదిగా ఉండి మిగతా పన్ను బాగుంటే క్యాపు లేకుండా ఫిల్లింగుతోనే సరిపెట్టవచ్చు. ఇక్కడ క్యాపు తప్పనిసరి అని ఎవరైనా అంటే కారణం అడగండి.

పూర్తి లోహపు క్యాపు అన్నిటికంటే చవక, గట్టిది, పంటిని తక్కువగా అరగదీస్తారు. వెండి రంగులో కనిపిస్తుందన్నదే లోపం. నోరు తెరిచినా కనిపించని వెనుక పంటికి అది నిక్షేపంగా సరిపోతుంది. లోహం మీద పింగాణీ పూసిన క్యాపు తెల్లగా ఉంటుంది, ధర మధ్యస్థం. పైపూత పెచ్చు ఊడవచ్చు, కొన్నేళ్లకు చిగురు అంచున నల్ల గీత కనిపించవచ్చు. జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థపు క్యాపు తెల్లగానూ గట్టిగానూ ఉంటుంది, ధర ఎక్కువ. పదిహేనేళ్ల వారంటీ కార్డు చూపించి ఖరీదైన రకం వైపు నెట్టడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఆ కార్డు సాధారణంగా క్యాపు విరగడానికి వర్తిస్తుంది, దాని కింద పన్ను పుచ్చడానికి కాదు. నరం లేని పన్ను పుచ్చినా నొప్పి తెలియదు కాబట్టి, క్యాపు చిగురును కలిసే అంచు దగ్గర బ్రష్ చేయడం మీద కార్డు కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ఎక్కడ చేయించాలి

దంతవైద్యం చేయడానికి కనీసం బీడీఎస్ చదివి రిజిస్టరు అయి ఉండాలి. 1948 నాటి దంతవైద్యుల చట్టం నుంచీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మామూలు రూట్ కెనాల్‌ను అనుభవం ఉన్న బీడీఎస్ డాక్టర్లు చక్కగా చేస్తారు. వంకర కాలువలు, విరిగి ఇరుక్కున్న ఫైలు, రెండోసారి చేయవలసిన పన్ను అయితే ఎండోడాంటిక్స్‌లో (పంటి లోపలి గుజ్జు, వేర్ల చికిత్సలో) ఎండీఎస్ అనే పై చదువు చేసినవారిని వెతకడం మంచిది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర గోలీలు తీసుకోవడం వేరు, పంటి మీద చేయి వేయించుకోవడం వేరు. ఖర్చు భారమైనవారికి ఖమ్మం మమతా దంత కళాశాల, హైదరాబాదు ప్రభుత్వ దంత కళాశాల వంటి బోధనాసుపత్రులు ఒక దారి: విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు, సాధారణంగా ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ, రైలు ప్రయాణాలు కలుపుకోవాలి. సాధారణ ఆరోగ్య బీమాల్లో చాలావాటికి ఈ చికిత్స వర్తించదు.

ముందుగా అడగవలసింది ఒకే ప్రశ్న: ఎక్స్‌రే, రూట్ కెనాల్, లోపలి ఫిల్లింగు, క్యాపు, అన్నీ కలిపి చివరికి ఎంత? రూట్ కెనాల్ ధర ఒక్కటే చెప్పి క్యాపు దగ్గర సగం బిల్లు తెచ్చేచోట, నాలాంటివారు సగంలో ఆగిపోతారు.

చెంప లేదా దవడ కింద వాపు పెరుగుతూ, జ్వరం వచ్చి, నోరు తెరవడం, మింగడం కష్టమైతే మాత్రం పోలికలు పక్కన పెట్టి వరంగల్ ఎంజీఎం వంటి పెద్ద దవాఖానకు అదే రాత్రి పోవాలి. ఆ వాపు గొంతు వైపు దిగితే ఊపిరికే అడ్డం పడుతుంది.

సరిగా చేసి క్యాపు వేసిన రూట్ కెనాల్ పళ్లు పదింటిలో తొమ్మిది వరకు ఏళ్ల తరబడి నిలుస్తాయి. మిగిలినవాటిలో కూడా విఫలమైన వెంటనే పీకించనక్కర లేదు: కాలువలను తిరిగి తెరిచి శుభ్రం చేయవచ్చు, అది కుదరకపోతే చిగురు తెరిచి వేరు కొనను కోసి మూసే చిన్న శస్త్రచికిత్స ఉంది. విఫలమైనప్పుడు తరచుగా నొప్పి ఉండదు కనుక, ఏడాది తర్వాత ఒక ఎక్స్‌రే తీయించి పాత ఫోటోతో పోల్చి చూపించుకోవాలి. వేరు కొన చుట్టూ ఉన్న నల్ల మచ్చ చిన్నదవుతుంటే ఎముక మానుతున్నట్లు లెక్క. నా ఎడమ పంటి మచ్చ మొదటి ఏడాదికి సగానికి పైగా తగ్గింది, రెండో ఎక్స్‌రే ఈ దసరాకు తీయించాలి.